రెండో చుక్క

నూరు అనే షెర్పా గైడ్ తన టీలో ఉంగరపు వేలు ముంచి ఒక చుక్క గాల్లోకి చిమ్మాడు. మళ్లీ ముంచి, రెండో చుక్క చిమ్మాడు.

"మొదటిది దేవుడికని చెప్పావు. రెండోది ఎవరికి?" అని అడిగింది మార్తా. అతను కొండలెక్కించడానికి తీసుకొచ్చిన పోలండ్ అమ్మాయి.

నూరు గ్లాసు కింద పెట్టాడు.

"ఆరేళ్ల కిందట ఈ చో లా కనుమ మీదే తుపానులో చిక్కుకున్నాం. పదకొండు మందిమి. ఎవరి చెయ్యి వాళ్లకే కనపడలేదు. కింద నుంచి ఎవరో పిలిచారు. ఆ కేక పట్టుకుని దిగాం. మనిషి మాత్రం కనపడలేదు."

"తర్వాత వెతకలేదా?"

"వెతకని ఊరు లేదు. ఆ గొంతు వెయ్యి మందిలో ఉన్నా పోల్చుకుంటాను. దొరికిన రోజున పొయ్యి పక్కన మొదటి చోటు ఆయనదే."

వాళ్లు దిగిన యాంగ్జీ లాడ్జి మొత్తానికి ఒకటే పొయ్యి. దాని పక్కన మొదటి చోట ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు, మరిగే కెటిల్ ఆవిరి మొహానికి తగిలేలా. ఆయన నూరునే చూస్తున్నాడు.

మార్తాకు దగ్గు తెర వచ్చింది.

"ఏంటి తాతా, అలా చూస్తావు? లే. ఈ అమ్మాయి కూర్చుంటుంది," అన్నాడు నూరు.

ముసలాయన నూరు చెయ్యి పట్టుకున్నాడు. నోరు తెరిచాడు. దగ్గే వచ్చింది.

"విన్నాంలే. నీ దగ్గుకి గుట్ట మీది యాక్‌లు కూడా దిగొస్తాయి."

అందరూ నవ్వారు.

వంట చేస్తున్న ఫుర్బా గరిటె ఆపాడు. "అన్నా, యాంగ్జీ అక్క ఆయన్ని మొన్ననే ఊరి నుంచి తీసుకొచ్చింది. ఆవిరి దగ్గర్నుంచి కదపొద్దంది."

"రేపు అక్క నామ్చే బజారు నుంచి రానీ, నేను చెప్పుకుంటాను. ఈ అమ్మాయి కనుమ దాటాలి. ఈయన ఏం దాటాలి?"

ఫుర్బా మళ్లీ గరిటె తిప్పాడు.

"కూలీల కొట్టంలో పడుకో తాతా. గాలి బాగా ఆడుతుంది."

ఆ కొట్టానికి తలుపు లేదు.

గదిలో తొమ్మిది మంది ఉన్నారు. ఒక్కరూ లేవలేదు.

నూరు మార్తాను ఆ చోట కూర్చోబెట్టి అందరికీ చెప్పడం మొదలుపెట్టాడు.

"ఇక్కడిది ఎండుగాలి. నోటితో పీల్చారా, గొంతు గీరుకుపోతుంది. ముక్కుతోనే పీల్చాలి. ముక్కుకీ నోటికీ గుడ్డ కట్టాలి. పడుకున్నా తియ్యొద్దు. గుక్క గుక్కగా వేడినీళ్లు తాగుతూ ఉండాలి. ఆవిరి పట్టాలి. ఈ కొండల్లో గొంతు పోతే మనిషి పోయినట్టే."

ఒక్క మాట కూడా తప్పు కాదు. గోడ పట్టుకుని నడుస్తున్న ముసలాయన కూడా తలూపాడు.

గుమ్మం దాకా వెళ్లి ఆయన వెనక్కి వచ్చాడు. తన ఉన్ని మఫ్లర్ విప్పి మార్తా ముక్కు మీదుగా చుట్టి, ముడి వేసి, వెళ్లిపోయాడు.

"తలుపు వెయ్యి తాతా! చలి!"

ఆయన తలుపు వేశాడు.

మర్నాడు పొద్దున మార్తా దగ్గు తగ్గింది.

నూరు సామాను కడుతుంటే యాంగ్జీ వచ్చింది. వీపు మీది బుట్ట దించకుండానే పొయ్యి వైపు చూసింది.

"మామయ్య ఏడి?"

ఫుర్బా కొట్టం వైపు చూశాడు.

కొట్టంలో ముసలాయన గోడకు ఆనుకుని కూర్చునే ఉన్నాడు. రెండు అరచేతులూ ముక్కుకీ నోటికీ అడ్డంగా ఉన్నాయి. యాంగ్జీ బిగుసుకుపోయిన ఆ చేతుల్ని తీయబోయింది. రాలేదు.

"మీ మామయ్య అని నాకేం తెలుసక్కా? నోరు తెరిచి ఒక్క మాట చెప్పి ఉంటే..." నూరు గొణిగాడు.

యాంగ్జీ మార్తా మెడలోని మఫ్లర్‌ను చాలాసేపు చూసింది.

"ఎలా చెబుతాడు తమ్ముడూ? ఆరేళ్ల కిందట యాక్‌లను వెతుక్కుంటూ వెళ్లి, ఈ కనుమ కింద నిలబడి, గుడ్డ అడ్డముంటే కేక పైదాకా పోదని తీసేసి, ఆ మంచుగాలిలో పొద్దంతా పిలిచాడు. పదకొండో మనిషి అడుగు వినపడ్డాకే ఆపాడు, మళ్లీ గొంతు రాలేదు."