కోదాడ దిక్కు మళ్లే బండి

"నా బిడ్డ లెక్కల పుస్తకం ఏది సారూ?"

తండా బడి గేటు దాటబోతున్న బండి హ్యాండిల్‌ను పుష్పాబాయి రెండు చేతులతో పట్టుకుంది. మురళీధర్ సారు కాలు కింద పెట్టి, భుజానికున్న సంచిని ముందుకు లాక్కున్నాడు.

"నా దగ్గరే ఉంది. పొద్దున ఇస్త."

"వనిత పుస్తకం నీకెందుకు? సార్లకు సర్కారు ఇయ్యదా?"

"ఈసారి తక్కువొచ్చినయ్. పిల్లలకే సరిపోలే."

"అయితే ఇంటికి తీస్కపోతున్నవా?"

"ఆఁ... ఇంటికే."

"నీ ఇల్లు సూర్యాపేటల గద! నెల సంది నీ బండి కోదాడ దిక్కు మళ్లుతున్నదేంది?"

సారు బండి స్టార్ట్ చేయబోయాడు. బడి గోడ పక్కన ఆటో ఆపి ఇదంతా వింటున్న ఆమె భర్త భద్రు దగ్గరికొచ్చాడు. నడిగూడెం నుంచి కోదాడకు మనుషుల్ని తిప్పే బండి అతనిది.

"నేను జూసిన సారూ. బస్టాండు ఎనక గా ప్రైవేటు బడిలకు పోతవ్. లోపలికి పోతే గంటసేపు బయటికి రావు. మల్సూర్ బిడ్డ గాన్నే చేరింది. గౌరీబాయి మనుమడు గాన్నే చేరిండు. తలకెంత ఇస్తున్నరు నీకు?"

"భద్రూ, మాట జాగ్రత్త! బడిల నీ ఇద్దరు పిల్లలతోని కలిపి పదకొండు మంది మిగిలిన్రు. పది కంటే తగ్గితే తాళమేసి పక్కూరి బడిల కలుపుతమని కాయిదం వచ్చింది. నా బడిని నేనే ముంచుకుంటనా?"

"మునిగితే నీకేమైతది? ఇంకో ఊరికి పోతవ్. జీతం జీతమే. పరేషాన్ అయ్యేది మా పోరగాండ్లు."

"సరే, గాడికి ఎందుకు పోతున్నవో ఒక్క మాట చెప్పు," అంది పుష్పాబాయి. "మల్ల అడిగితే నన్ను అడుగు."

సారు చెవులు ఎర్రబడ్డాయి. "పనుంది. అది చెప్పేటిది కాదు," అని హ్యాండిల్ విడిపించుకున్నాడు. బండి రోడ్డెక్కి కోదాడ వైపే మళ్లింది.

"చెప్పేటిది కాదంట! ఎక్కు," అన్నాడు భద్రు.

ఆటోలో కూర్చున్నాక పుష్పాబాయికి ఒక్కో సంగతీ గుర్తుకు రాసాగింది. మొన్న సారు ఫోన్లో ఎవరో మేడంతో "తప్పకుండ వస్త, ఈసారి తయారై వస్త" అన్నాడు. తను గుమ్మంలోకి రాగానే బోర్డు మీద రాసింది గబగబా తుడిచేశాడు. ఎందుకు తుడిచినట్టు?

"పుస్తకం అట్ట మీద మన పిల్ల పేరు, ఊరు రాసి ఉన్నయ్," అంది.

"నా ఫోన్ నంబరు గూడ ఉన్నది," అన్నాడు భద్రు. "అర్థమైందా? గా అట్ట చూపెడితే చాలు. పిల్లను గా బడిల చేర్పియ్యమని రేపు మనకు ఫోనొస్తది."

ప్రైవేటు బడి గేటు దగ్గర వాచ్‌మన్ వాళ్లను ఎగాదిగా చూశాడు. "అడ్మిషన్‌కా?"

"ఆఁ," అని అబద్ధమాడాడు భద్రు.

"మేడమ్ ట్యూషన్‌లో ఉన్నారు. పైకెళ్లండి."

ఇద్దరూ చప్పుడు చేయకుండా మెట్లెక్కి కిటికీ పక్కన నిలబడ్డారు. లోపల బెంచీల మీద పిల్లలు. నల్లబల్ల దగ్గర పాతికేళ్ల టీచరమ్మ. ఆఖరి బెంచీలో, చిన్న చిన్న తలల మధ్య ఒక బట్టతల!

"మురళీధర్ గారూ, ఇప్పుడు మీరు చెప్పండి. తొందరేం లేదు," అంది టీచరమ్మ.

సారు చేతులు కట్టుకుని లేచాడు. వనిత పుస్తకం ముందు తెరిచి ఉంది. "ది... పెరీమీటర్... ఆఫ్ ది రెక్ట్..." అని ఆగాడు. ముందు బెంచీలో ఇద్దరు కిసుక్కున నవ్వారు. సారు చెమట తుడుచుకుని మళ్లీ మొదలుపెట్టాడు.

పుష్పాబాయి చేతిలోంచి కొంగు జారిపోతే చటుక్కున పట్టుకుంది. ఆ గాజుల చప్పుడుకు సారు తలెత్తి, కిటికీలో వాళ్లను చూసి, గబగబా వరండాలోకి వచ్చాడు. వెనకే టీచరమ్మ హిమజ కూడా వచ్చింది.

"ఇదా సారూ నీ పని?" అంది పుష్పాబాయి.

"ఇదే." సారు తల దించుకున్నాడు. "ఒక ఏడు పాఠాలు తెలుగుల చెప్పమన్నరు సర్కారోళ్లు. మల్లేడు ఇంగ్లీషన్నరు. ట్రైనింగ్‌కు రమ్మన్నరు, పోయిన రోజే సర్వే డ్యూటీ ఏసిన్రు. పోయినేడు మీకెట్ల వీలైతే అట్ల చెప్పుకోండ్రి అన్నరు. ఈ జూన్ల మల్ల ఇంగ్లీషే ఉండాలె అన్నరు. చుట్టుకొలత నాకు నిద్రల లేపినా వస్తది పుష్పమ్మా. దాన్ని ఇంగ్లీషుల చెప్పుడే రాదు. ఈ మాట తండాల తెలిస్తే ఏం మొఖం పెట్టుకొని బడికొస్త?"

"తప్పైంది సారూ," అన్నాడు భద్రు, రెండు చేతులూ జోడించి. "మల్సూర్‌కు నీ తప్పు లేదని నేనే జెప్త. నీ మీద ఎవ్వడన్న మాటంటే నాతోని పడ్తడు."

సారు నెల రోజుల తర్వాత మొదటిసారి గుండె నిండా గాలి పీల్చుకున్నట్టు నవ్వాడు. లోపలికెళ్లి పుస్తకం తెచ్చి పుష్పాబాయి చేతిలో పెట్టాడు. "రాసుకున్న. వనితకియ్యి. రేపు ఈ లెక్క నేనే చెప్త."

పుష్పాబాయి కళ్లొత్తుకుంది. పుస్తకాన్ని ఒకసారి అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత రెండడుగులు వేసి దాన్ని హిమజ చేతికిచ్చింది.

"పేరు, ఊరు, ఫోన్ నంబరు అట్ట మీదున్నయ్ మేడమ్. మా సారుకే సదువు చెప్పే బడి కండ్ల ముందల ఉన్నంక, ఇగ తండా బడెందుకు? మా వనితను, దాని తమ్ముణ్ని రేపే గీడ రాసుకోండ్రి."