బాతు కలుపు తీసిన మడి

ఊరికే కూర్చోవడం చేతకాని బాతు ఒకటి ఒక పెరట్లో ఉండేది. పిలిచినా పిలవకపోయినా సాయానికి తయారు.

ఆ పెరట్లోనే ఎర్రకోడి మడి చేసుకుని, అమ్మమ్మల నాటి సాంబారు ఉల్లి విత్తనం చల్లింది. ఆ రకం ఇంకెవరి దగ్గరా లేదు. మొలకలు కనబడగానే సంబరపడి, పిల్లల్ని మేతకు తీసుకెళ్లింది.

బాతు మడిలోకి తొంగి చూసింది. "అయ్యో, ఎంత గడ్డి మొలిచిందో! పాపం, అక్క ఒక్కతే ఎన్నని చూసుకుంటుంది?" అనుకుని, వెంట్రుకల్లాంటి మొలకలన్నీ ఓపిగ్గా పీకి గట్టున వేసింది. బలంగా, నిటారుగా ఉన్నవాటిని మాత్రం ఉల్లి అనుకుని ఉంచింది.

కోడి తిరిగొచ్చి గట్టు మీది కుప్ప చూసింది. "ఎంత పని చేశావే! ఉంచింది గడ్డి, పీకింది ఉల్లినారు," అంది.

బాతు మెడ వాల్చేసింది. "నిటారుగా ఉన్నవే ఉల్లి అనుకున్నానక్కా!"

కోడి గట్టు మీది మొలక ఒకదాన్ని ముక్కుతో ఎత్తి చూపించింది. అది నడుం వంచుకుని ఉంది. కొసన నల్లటి విత్తనం పెంకు ఇంకా అంటుకునే ఉంది.

"గడ్డి నిటారుగా లేస్తుంది. ఉల్లి ఇలా పెంకు నెత్తిన పెట్టుకుని వస్తుంది, అచ్చం గుడ్డులోంచి వచ్చిన నా పిల్లల్లాగే."

బాతు గట్టు దగ్గరికి వెళ్లింది. వేళ్లు ఆరనివన్నీ ఏరి, ఒక్కొక్కటే మళ్లీ నాటి, ముక్కుతో నీళ్లు తెచ్చి పోసింది. చాలావరకు వాడిపోయాయి. కొన్ని నిలదొక్కుకున్నాయి.

మర్నాడు కోడిపిల్ల ఒకటి మడివైపు పరిగెత్తింది. బాతు రెక్కలు చాచి అడ్డం నిలబడింది.

"నెమ్మదమ్మా! లోపల పసిపిల్లలున్నారు."