విరిగిన సింహం పక్క గేటు

"అత్తయ్యా, మనం ఏ గేటు నుంచి లోపలికొచ్చాం?" పాతకోట శిథిలాల్లో కోడలు మూడోసారి అడిగింది.

నాకు ఒళ్లు మండింది. ముసలిదానికి మతి పోయిందని తేల్చి, ఇంట్లో ఒంటరిగా ఉండనివ్వకుండా చేయడానికే ఈ పరీక్షలు!

"విరిగిన సింహం పక్క గేటు. నీ పెళ్లిలో ఎవరెవరు అలిగారో కూడా చెప్పమంటావా తల్లీ?"

కోడలు నవ్వలేదు. కూలిన మెట్లు దిగుతూ తూలబోతే చెయ్యి పట్టుకున్నాను. అరచేతిలో పెన్నుతో రాసి ఉంది: 'అత్తయ్యతో వచ్చాను. ఆకుపచ్చ చీర. నాలుగింటికి బస్సు.'

"మీ అబ్బాయికి చెప్పకండి అత్తయ్యా. డాక్టరు దగ్గరికి వెళ్లాలంటే భయంగా ఉంది."

ఆ చేతిని నా ఆకుపచ్చ కొంగుతో కప్పాను.

"మతిమరుపు అత్తయ్యకే, రేపు డాక్టరుకి చూపిస్తానని వాడితో చెప్పు. ఇద్దరం వెళ్దాం."