వీధంతా కరెంటు లేదు

నిచ్చెన భుజాన వేసుకుని లైన్‌మన్ సందు మలుపు తిరిగేదాకా ఇతిశ్రీ గుమ్మంలోనే నిలబడింది. లోపల ఫ్యాను చివరి చుట్టు తిరిగి ఆగింది. దాని వెనకే కూలర్.

"ఏమైందమ్మా?" గదిలోంచి మామగారి గొంతు.

"కరెంటు పోయింది బాపా."

"మనకేనా?"

ఆ ప్రశ్నకే ఆమె భయపడుతోంది. "వీధంతా లేదు. మన పేట ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయిందట. రేపటిగ్గానీ రాదట" అంది, లోపలికి వినపడేలా గట్టిగానే.

అన్నాక చూసింది. ఎదురింటి అరుగు మీద కుంతళా మావుసీ వడియాలు పెడుతోంది. నిచ్చెన వేసిన దగ్గర్నుంచీ చూసే ఉంటుంది. ఇప్పుడు మాత్రం తలెత్తకుండా పిండి మీదే ధ్యాస పెట్టినట్టు కూర్చుంది. ఇతిశ్రీ ముఖం వేడెక్కింది. కొంగు సర్దుకుని లోపలికి వచ్చేసింది.

గుండె ఆపరేషను తర్వాత పెద్దాయన్ను ఈ వేసవి చల్లగా ఉంచమన్నాడు డాక్టరు. కటక్ ఎండలకు కూలర్ పగలూ రాత్రీ తిరిగింది, బిల్లు రెట్టింపయింది. గ్యాసు పెరిగింది, మందులు పెరిగాయి. వెండి ధర మండిపోవడంతో భర్త బిభూతి చేసే తారకసి పని, ఆ వెండి తీగల అల్లిక, సగానికి సగం పడిపోయింది. మందులా, కరెంటా అన్న చోట ఇతిశ్రీ రెండు నెలలూ మందులే కొంది. బిల్లు కట్టలేదని ఇవాళ లైను కోసేశారు. రేపు పొద్దున్నే షావుకారు అతనికి కూలి ఇస్తాడు. వెంటనే వెళ్ళి కట్టేస్తాడు. ఈ ఒక్క సాయంత్రం గడిస్తే చాలు.

గడవకపోతే ఏమవుతుందో ఆమెకు తెలుసు. తన మందుల కోసం ఇంట్లో పాలు మానేశారని చలికాలంలో ఆయన పసిగట్టాడు. రోజూ వేసుకునే మాత్రను సగానికి విరవడం మొదలుపెట్టాడు. పదకొండో రోజు స్నానాల గదిలో కళ్ళు తిరిగి పడేదాకా ఎవరికీ తెలియలేదు.

మధ్యాహ్నం ఆయన ఉన్నట్టుండి అడిగాడు. "మూడైంది కదా, కుంతళ సీరియల్ మోగడం లేదేం?"

"కరెంటు లేదుగా బాపా."

అనేసిందే గాని, మావుసీ ఇవాళ పడుకుని ఉంటుంది, నా అదృష్టం అనుకుంది.

"సాయంత్రం అరుగు మీద కూర్చుంటాను. లోపల ఉడికిపోతున్నాను."

"బయట దోమలు బాపా."

"లోపల దోమలు నీ పుట్టింటివాళ్ళా, కుట్టకుండా ఉండటానికి?"

ఆపడం ఆమె తరం కాలేదు. ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పిన మనిషి. ఒక్క కిటికీలో వెలుగు కనిపిస్తే మిగతా లెక్కంతా తనే కట్టేస్తాడు.

ఆరున్నరైంది. ఆయన అరుగు మీద, ఆమె ఆయన వెనక గుమ్మంలో. వీధి దీపం పోయి ఆరు నెలలు. ఇతిశ్రీ ఎదురింటి కిటికీ వంకే చూసింది. అది నల్లబడింది. దాని పక్కది నల్లబడింది. మలుపు దాకా తొమ్మిది ఇళ్ళు, ఒక్కచోటా మీట నొక్కలేదు. ఎవరో కొవ్వొత్తి వెలిగించారు. ఎవరో పాత లాంతరు తెచ్చి గడప మీద పెట్టారు.

పొద్దున తన నోటి నుంచి వచ్చిన అబద్ధాన్ని పైనుంచి ఎవరో విని, సంధ్యవేళకు నిజం చేసిపెట్టినట్టుంది ఆమెకు. తెలియకుండానే రెండు చేతులూ జోడించింది.

వీధిలో ఇన్వర్టర్ ఉన్నది మహంతిబాబు ఇంట్లో ఒక్కచోటే. ఆయన కూడా తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ, విసనకర్రతో బయటికి వచ్చాడు.

"నీ ఇన్వర్టర్ ఏమైందోయ్?" అన్నాడు బాపా.

"దాని ఊసెత్తకండి సార్. బ్యాటరీ చచ్చింది. ఇరవై వేలు ఏట్లో పోసినట్టే."

"మంచిదే అయింది" అంది కుంతళా మావుసీ. "నాలుగేళ్ళకు వీధిలోకొచ్చాడు మహానుభావుడు. మొహం చూద్దామంటే చీకటి."

అందరూ నవ్వారు. చెమటలు కక్కుకుంటూనే అరుగుల మీద చేరారు. మావుసీ గిన్నెడు పఖాళ తెచ్చింది, చల్లటి పులిసిన నీళ్ళన్నం, మీద నలిపిన వడియాలు. బాపా రెండుసార్లు అడిగి వేయించుకున్నాడు. ఇతిశ్రీ మాత్ర చేతిలో పెడితే, మాటల మధ్యలో, మొత్తంగా మింగేశాడు.

"సప్తర్షులు చూశావా అమ్మా" అన్నాడు తలెత్తి. "ఇన్నేళ్ళుగా ఈ అరుగు మీదే కూర్చుంటున్నాను. ఇక్కణ్ణుంచి కనిపిస్తారని తెలీదు."

ఆమె కూడా తలెత్తింది. రెండు వరుసల పెంకుల మధ్య ఆకాశం చిక్కగా, ఇంత దగ్గరగా ఉందని ఆమెకూ తెలియదు.

పని నుంచి వచ్చిన బిభూతి వీధి మొదట్లోనే ఆగిపోయాడు. ఎదురెళ్ళిన భార్యను గొంతు తగ్గించి అడిగాడు. "ఏమిటిది?"

"బాపాతో వీధంతా లేదని అబద్ధమాడాను, నిజంగానే పోయింది. జగన్నాథుడు విన్నాడు."

అతను కాసేపు చీకటి వంక చూశాడు. చెప్పులు విడిచి తండ్రి పక్కన కూర్చున్నాడు.

కబుర్లు సద్దుమణిగే వేళకు ఇతిశ్రీ ఖాళీ గిన్నె కడిగి తీసుకుంది. "ఇచ్చేసి వస్తాను మావుసీ."

"ఉండనీ, నేనే పట్టుకెళ్తాలే" అంది మావుసీ గబుక్కున లేవబోతూ.

"ఆ మోకాళ్ళతో చీకట్లో ఎక్కడికి? కూర్చోండి."

వీధి దాటి, ఎదురింట్లో గోడ తడుముకుంటూ వంటింట్లోకి వెళ్ళి గిన్నె బోర్లించింది. వెనుదిరగబోతూ ఆగింది. మూల నుంచి సన్నగా ఏదో మోత.

కుంతళా మావుసీ ఫ్రిజ్ నడుస్తోంది.