స్టాండు చప్పుడు

వాకిట్లో బండి స్టాండు ఒక్కసారికే పడింది.

వంటింట్లో వీరాయమ్మ అప్పటిదాకా బిగబట్టిన ఊపిరి వదిలింది.

కొడుకు ఎంత తాగాడో ఆమె వాసన చూసి చెప్పదు. స్టాండు చప్పుడు విని చెబుతుంది. ఒక్కసారికే పడితే ఫర్వాలేదు. కాలు జారి మళ్లీ తన్నితే ఎక్కువైనట్టు.

మొగుడి సైకిలు దగ్గర నేర్చుకుంది ఆ లెక్క. ఒక సాయంత్రం ఆ సైకిలు చప్పుడే చెయ్యలేదు. కాలవలో దొరికింది. ఆయనా అక్కడే దొరికాడు.

అందుకే చీకటి పడేవేళకి ఆమె కాలు ఒకచోట నిలవదు.

వినయ్ కువైట్‌లో డ్రైవరు. సెలవు మీద వచ్చాడు. వచ్చే వారమే విమానం. పొద్దువాలితే చాలు, కొత్తపేట వెళ్లి వైన్ షాపు వెనక కాలవ గట్టున స్నేహితులతో కూర్చుంటున్నాడు.

అయినా రోజూ స్టాండు ఒక్కసారికే పడుతోంది. అంతా వాడపల్లి వెంకన్న దయ అనుకుంటోంది వీరాయమ్మ. శనివారం శనివారం ఆ గుడి చుట్టూ తిరుగుతున్నది ఈ మొక్కుకే.

అన్నం వడ్డిస్తూ అడిగింది.

"ఎంత తాగేవురా?"

"లిమిట్‌లోనే ఉన్నానమ్మా."

"ఆ లిమిట్టు ఎక్కడుంటాదిరా? సీసా మీద గీత గీసుంటాదా?"

వినయ్ నవ్వాడు.

"నేను తాగేదెంత? అక్కడో ముసలోడున్నాడు, సింహాద్రని. అందరి దగ్గరా చెంబు చాపుతాడు. 'బాబ్బాబు, ఆ గ్లాసు నాకు పొయ్యండి' అంటాడు. పొయ్యకపోతే కాళ్లు పట్టేసుకుంటాడు. నవ్వొచ్చి పోసేస్తాం."

వీరాయమ్మకి నవ్వు రాలేదు.

మొగుణ్ణి తినేసింది కూడా ఇలాంటి తోడే. ఒకడికి పొయ్యడం, వాడికి తోడుగా తనూ తాగడం.

ఆ రాత్రి ఆమెకి కంటి మీద కునుకు లేదు.

మర్నాడు ఎండ తగ్గకుండానే ఆటో ఎక్కి కొత్తపేట వెళ్లింది.

గట్టు మీద చిన్నమ్మలు అనే ఆవిడ బజ్జీల బండి దగ్గర అప్పుడే నలుగురు చేరారు. ఒక ముసలాయన చెంబు పట్టుకుని కాలవ వైపు వెళుతున్నాడు.

"ఏమయ్యా, సింహాద్రంటే నువ్వేనా?"

"ఆయ్, నేనేనండి."

వంగి చెంబులోకి చూసింది. మందు గుప్పుమంది.

"సిగ్గులేదూ? కుర్రాళ్ల దగ్గర అడుక్కుని తాగుతావా? పిల్లల్ని కన్నవాడివి కాదా నువ్వు?"

ముసలాయన ముఖం పాలిపోయింది.

"మీ అబ్బాయి ఎవరండి?"

"ఎందుకూ, ఇంకో చెంబు పోయించుకుందామనా?"

చెంబు లాక్కుని నేలకేసి కొట్టింది. మందు మట్టిలో ఇంకిపోయింది. బజ్జీలు తింటున్న కుర్రాళ్లు ఈలలు వేశారు.

"ఇంకెప్పుడైనా ఇక్కడ కనపడ్డావో, పోలీసుల్ని తీసుకొస్తాను!"

"అలాగేనండి, వెళ్లిపోతాను. అబ్బాయి పేరొక్కటి చెప్పండమ్మా."

"చెప్పను. నడు!"

ముసలాయన చెంబైనా తీసుకోకుండా బస్టాండు వైపు వెళ్లిపోయాడు. వెళుతూ వెళుతూ గట్టు మీది కుర్రాళ్లని ఒక్కొక్కణ్ణీ తిరిగి చూశాడు.

పీడ విరగడైందనుకుంటూ వీరాయమ్మ ఇంటికొచ్చింది. కొడుక్కిష్టమని చేపల పులుసు పెట్టింది.

దీపాలు పెట్టేవేళ దాటింది. వాకిట్లోకి వెళ్లింది. లోపలికొచ్చింది. మళ్లీ వెళ్లింది.

స్టాండు చప్పుడు వినపడలేదు.

ఫోను మోగింది. వినయ్ స్నేహితుడొకడు.

"అత్తా, కంగారుపడకు. వినయ్ వంతెన మలుపులో పడిపోయేడు. ప్రాణానికి భయం లేదు."

కాలు విరిగింది. డ్రైవరు ఉద్యోగానికి కావలసిన కుడికాలు. వచ్చే వారం విమానం ఎక్కడం కల్ల.

మర్నాడు ఆసుపత్రిలో కొడుకు నోటికి ఇడ్లీ ముక్క అందిస్తూ వీరాయమ్మ అడిగింది.

"ఎంత తాగేవురా?"

"రోజూ తాగినంతేనమ్మా. ఒక్క గ్లాసు ఎక్కువ."

"ఆ ఒక్కటీ ఎందుకురా?"

"అది రోజూ ముసలోడికి పోసేది. నిన్న వాడు లేడు. ఎవరో పెద్దావిడొచ్చి తరిమేసిందంట."

ఇడ్లీ ముక్క ఆమె చేతిలోనే ఉండిపోయింది.

మధ్యాహ్నం చిన్నమ్మలు బజ్జీల బండి దగ్గరికి వెళ్లింది.

"సింహాద్రిగారు ఉన్నారా అమ్మా?"

చిన్నమ్మలు శనగపిండి కలుపుతూ తలెత్తి చూసింది.

"నిన్న 'ఏమయ్యా', ఇయ్యాల 'గారా' అండి? మీరేగా తరిమేరు! ఏ ఊరెళ్లేరో ఎవరికి తెలుసు?"

"నిన్న కళ్లు మూసుకుపోయేయమ్మా. మా అబ్బాయి పడిపోయేడు."

చిన్నమ్మలు చెయ్యి ఆగింది. బండి కింద నుంచి సొట్టపడ్డ చెంబు తీసి ఆమె చేతిలో పెట్టింది.

"ఆయన ఒక్క చుక్క నోట్లో పోసుకోగా నేను చూళ్లేదండి. ఇదిగో, ఇక్కడే కూర్చుని అందర్నీ గమనించేవోరు. ఎవరి మాట తడబడితే వాళ్ల దగ్గరికి లేచెళ్లి గ్లాసు అడిగేవోరు. తిన్నగా తీసుకెళ్లి కాలవలో పారబోసేవోరు."

"మరి తాగుబోతని తిడుతుంటే ఊరుకునేవారా?"

"'తాగొద్దని చెబితే కొడతారమ్మా, అడుక్కుంటే నవ్వుకుంటూ పోసేత్తారు' అనేవోరు."

వీరాయమ్మ చెంబుని కొంగుతో తుడిచింది. తుడుస్తూనే ఉంది.

"ఆయనకెందుకమ్మా ఇదంతా?"

"నేనూ అదే అడిగేనండి. 'ఆ వంతెన మలుపులో తాగి బండి తోలింది నేనమ్మా, వెనకాల కూర్చున్నది మా అబ్బాయి' అన్నారండి."