పన్నెండో బొమ్మ

"ఆ స్టూలు సిబ్బందిది. లేవండి."

ముసలాయన లేచాడు. లేవడానికి గోడ పట్టుకున్నాడు.

"గోడ పట్టుకోకూడదు. రూలు."

గోడ వదిలేశాడు.

చిత్రశాలలో అది నాలుగో గది. ఆ గదికి ఆమె గార్డు. నీలం యూనిఫాం, మెడలో కార్డు, కూర్చోవడానికి ఒక స్టూలు. దాని మీద పరాయివాళ్ళు కనిపిస్తే పై ఆఫీసరు మెమో ఇస్తాడు. ఇప్పటికే రెండు అందుకుంది. మూడోది వస్తే ఇంటికే.

"అయిదు నిమిషాలమ్మా. ఆయాసం."

"ఆయాసం ఉన్నవాళ్ళు ఇంటిపట్టున ఉండాలి తాతగారూ. ఇన్ని మెట్లెక్కి ఎవరు రమ్మన్నారు?"

"ఎవరూ రమ్మనలేదు," అని నవ్వాడు.

ప్రతి గురువారం వస్తాడు. గదిలో పదకొండు బొమ్మలున్నాయి. పడవలు, పళ్ళబుట్టలు, కోట్లు వేసుకున్న పెద్దమనుషులు. ఒక్కదాన్నీ చూడడు. పదకొండో బొమ్మ పక్కన బోసిగోడ ఉంది. దానికి ఒక ఉత్త మేకు. ఆ మేకు ముందు గంటసేపు నిలబడతాడు. మధ్యమధ్యలో తల తిప్పి ఆమె కేసి చూస్తాడు. మళ్ళీ మేకు కేసి.

సిబ్బంది ఆయనకు గోడతాత అని పేరు పెట్టారు.

"మీ గోడతాత వచ్చాడే," అంటుంది టికెట్లు ఇచ్చే ఆమె. "సున్నం ఎలా ఉందో చూసి చెప్పమను."

ఒకరోజు ఆయన జేబుల్లోంచి చేతులు తీయకపోతే గార్డుకు అనుమానం వచ్చింది.

"చేతులు బయట పెట్టండి."

పెట్టాడు. వేళ్ళు ముడుచుకుపోయి ఉన్నాయి. చర్మం నూనె కాగితంలా మెరుస్తోంది.

ఆమె చూపు తిప్పుకుంది. "సరే, పెట్టేసుకోండి."

"మీ అమ్మ ఇక్కడే ఊడ్చేది కదూ?" అని అడిగాడు.

"అవును. ఆవిడ పోయాక నన్ను తీసుకున్నారు. మీకెలా తెలుసు?"

"ఎప్పుడో చూశాన్లే. నీకు ముప్పై నాలుగు నిండాయా?"

"ఆడవాళ్ళ వయసు అడుగుతారేంటి తాతగారూ? జాతకాలు చెప్తారా?"

"జాతకాలు రావు. కూడికలు వచ్చు."

అంతలో భార్యాభర్తలెవరో లోపలికి వచ్చారు. ఆ ఉత్త మేకు ఏమిటని అడిగారు. జవాబు ఆమెకు కంఠతా వచ్చు. ఉద్యోగంలో చేరినరోజే నేర్పారు.

"ముప్పై నాలుగేళ్ళ కిందట, మధ్యాహ్నం విరామంలో ఈ గది అంటుకుందండీ. పదకొండు బొమ్మలు దక్కాయి. పన్నెండోది, అన్నిట్లోకీ గొప్పది, కాపలావాడి నిర్లక్ష్యం వల్ల కాలిపోయింది. వాణ్ణి అప్పుడే తీసేశారు."

"తీసేయడమేంటి? జైల్లో వెయ్యాలి," అన్నాడు భర్త.

"అంతే కదండీ," అంది గార్డు.

ముసలాయన తల ఊపాడు, తడబడకుండా చెప్పావన్నట్టు.

పోతూ పోతూ గుమ్మం దగ్గర ఆగిపోయాడు. ఊపిరి అందడం లేదు. స్టూలు కేసి చూశాడు.

ఆమె వెళ్ళి దాని మీద కూర్చుంది.

తర్వాతి గురువారం ఆయన రాలేదు. ఆ పై గురువారమూ రాలేదు. మూడో గురువారం ఆమె స్టూలు ఎత్తుకెళ్ళి మేకు కింద పెట్టింది. మెమో ఇస్తే ఇవ్వనీ అనుకుంది. సాయంత్రం దాకా నిలబడే ఉంది. స్టూలు మీద ఎవరూ కూర్చోలేదు.

నాలుగో గురువారం ఒకావిడ వచ్చింది. యాభై ఏళ్ళుంటాయి. వేలితో బొమ్మలు లెక్కపెట్టింది. తప్పనుకుని మళ్ళీ లెక్కపెట్టింది.

"పదకొండే ఉన్నాయే?"

"పన్నెండోది కాలిపోయిందండీ. కాపలావాడి నిర్లక్ష్యం..."

"ఆ కాపలావాడు మా నాన్న."

గార్డు మేకు కేసి చూసింది.

"పోయి పది రోజులైంది. వేళ్ళు ముడుచుకుపోయి ఉండేవి. చూసే ఉంటావు, ప్రతి గురువారం ఇక్కడికే వచ్చేవారు." ఆవిడ గొంతులో కోపం లేదు. అలసట ఉంది. "పదకొండు బొమ్మలూ మంటల్లోంచి మోసింది ఆయనే. పన్నెండోది దించారట కూడా. అప్పుడు ఆ మూల ఎవరో దగ్గారు. ఇక్కడ ఊడ్చే అమ్మాయి. నిండు నెలలు. నిలబడలేకపోతోందని, విరామంలో కాసేపు నడుం వాల్చమని ఆయనే తాళం తీసిచ్చారు. రూలు ఒప్పుకోదు. అప్పటికే వెళ్ళిపోయి ఉంటుందనుకున్నారట. బొమ్మ కింద పడేసి అమ్మాయిని ఎత్తుకున్నారు."

"మరి... విచారణలో చెప్పలేదా?"

"చెబితే ఆ అమ్మాయి ఉద్యోగం పోదూ? నోరు మెదపొద్దని ఆమె దగ్గరా మాట తీసుకున్నారు. ఇంట్లో మాకే చెప్పలేదు. మొన్న ఆస్పత్రి మంచం మీద చెప్పారు. ఆమె పేరు మాత్రం అప్పుడూ చెప్పలేదు."

గార్డు గోడ పట్టుకుంది.

ఆవిడ గది నలుమూలలా ఇంకా వెతుకుతూనే ఉంది.

"ఒకటి అడుగుతాను తల్లీ, నీకేమైనా తెలుసేమో. గురువారం గురువారం ఉతికిన చొక్కా వేసుకుని, 'పన్నెండో బొమ్మ ఎలా ఉందో చూసొస్తా'నని బయల్దేరేవారు మా నాన్న. దాన్ని బాగుచేసి పెట్టారేమో అనుకున్నాను. కాలిపోయిందంటున్నావు, మరి ఇక్కడ దేన్ని చూసి అంత సంతోషంగా ఇంటికొచ్చేవారు?"