ముందు బల్ల

"వెనక బరువెక్కువైంది బాబూ. నలుగురిని ముందుకు పంపు," అంది పడవెక్కిన పెద్దావిడ.

"పడవ నడిపేది మీరా, నేనా పిన్నిగారూ?" అన్నాడు కొత్త డ్రైవరు.

ఆవిడ కొంగు సర్దుకుని వెనకే కూర్చుంది.

ముందు కూర్చుంటే నీళ్లు ముఖాన కొడతాయని జనమంతా వెనక, మోటారు దగ్గరే ఇరుక్కుంటారు. పడవేమో ముక్కు పైకెత్తి, తోక ఈడ్చుకుంటూ పోతుంది. మోటారు అరుపే తప్ప నడక లేదు.

ఓనరు ముందే తేల్చి చెప్పాడు. "నెల చూస్తా. కుదుపు లేకుండా, పెట్రోలు మింగించకుండా నడిపితే పని నీది. లేదంటే నీ దారి నీది."

మర్నాడు ఆ పెద్దావిడ తిన్నగా వెళ్లి ముందు బల్ల మీద కూలబడింది. భారీ మనిషి. పడవ ఒకసారి తలూపి సర్దుకుంది.

"అక్కడ తడిసిపోతారు."

"తడిస్తే ఆరతాను. ఉప్పు బస్తానా, కరిగిపోవడానికి?"

ఆ రోజు నుంచి పడవ నీళ్ల మీద జారినట్టు నడిచింది. పెట్రోలూ మిగిలింది. తన చెయ్యి తిరిగిందనుకున్నాడు డ్రైవరు. ఆవిడకి 'తడికోడి' అని పేరు పెట్టాడు. రోజూ వెనకవాళ్లకు కన్నుగీటి, "తడికోడిగారు ఎక్కారా? ఇక పోదాం," అనేవాడు.

ఆవిడ నవ్వి, కొంగుతో ముఖం తుడుచుకునేది.

నెలాఖరున ఓనరే పడవెక్కాడు. ఎదురుగా నీళ్లు కారుతున్న చీరతో మనిషి ఉంటే ఏం బాగుంటుందని, "మీరు తర్వాత ట్రిప్పుకి రండి," అన్నాడు డ్రైవరు ఆవిడతో.

"అలాగే. మోటారు పిడి మెల్లగా తిప్పు నాయనా," అని ఆవిడ దిగిపోయింది.

అతను వేగం పెంచడానికి పిడి తిప్పాడు. ముక్కు లేచింది. కంగారుపడి ఇంకా తిప్పాడు. తోక కుంగి, నీళ్లు ఎగిరి ఓనరు ఒళ్లో పడ్డాయి.

పని పోయినట్టే అనుకున్నాడు.

ఓనరు చొక్కా పిండుకున్నాడు. "సర్లే, పని నీదే. నిన్ననే మాటిచ్చేశాను. కుర్రాడు పనికొస్తాడని ఆవిడ చెప్పాక ఇంక నేనేం కాదంటాను?"

"ఎవరండీ?"

"ఇందాక నువ్వు దింపేశావే, ఆవిడే. చూపు మందగించి మానేసేదాకా ఇదే మోటారు దగ్గర కూర్చుని ఈ పడవ నడిపింది."